సిద్దిరాములు చుక్క

6 జులై 1998, సోమవారం

మధ్యాహ్నం భోజనాల వేళకు ఒక పొట్లం వచ్చింది. గాజుగుడ్డలో చుట్టి, పైన ప్లాస్టరు పట్టీ అంటించి ఉంది. విప్పితే మేం చేసిన కొక్కెం. పిడి ఉంది, కొస లేదు.

చేతిలోంచి జారి టిఫిన్ గిన్నెలో పడబోయింది. పదకొండేళ్ళుగా మేడ్చల్‌లోని ఆపరేషన్ పనిముట్లు చేసే ఈ షెడ్డులో సరుకు పరీక్షించే బల్ల ముందు కూర్చుంటున్నాను. కొలత తప్పిందని సరుకు వెనక్కి వచ్చింది, మరక పడిందని వచ్చింది, ఒకసారి మా పార్శిల్లోకి ఎవరిదో ఎడమకాలి చెప్పు కూడా వచ్చింది. విరిగి రావడం ఇదే మొదటిసారి.

లోపల డాక్టరు ఉత్తరం ఉంది. శామీర్‌పేట దగ్గర కొత్తగా పెట్టిన చిన్న ఆసుపత్రి. తొడ ఎముకలో వేసిన రాడ్డును బయటికి లాగడానికి మా కొక్కేన్ని రాడ్డు కంతలో తగిలించి, జారుడు సుత్తితో వెనక్కి ఒక్క దెబ్బ వేయగానే కొస విరిగి కంతలోనే ఇరుక్కుపోయిందట. ఇంకో కొక్కెం పట్టే సందు లేదు. రాడ్డును లోపలే వదిలేసి కుట్లు వేశారు. పేషెంటు ఆడమనిషి, పేరు ఐలమ్మ. ఎముకకు చీము పట్టిందనే రాడ్డు తీయబోయారు. ఇప్పుడు చీమూ ఉంది, రాడ్డూ ఉంది, పైగా మా ఉక్కు ముక్క కూడా ఉంది.

దేవేందర్ సార్ అందరినీ బట్టీ గది ముందుకు పిలిచాడు. వాళ్ళ నాయిన పోయాక షెడ్డు అతని చేతికొచ్చి మూడేళ్ళు. కోపం వస్తే పెద్దసారులా అరవాలని చూస్తాడు గానీ మధ్యలోనే గొంతు బొంగురుపోతుంది. పిడిని సిద్దిరాములు కాక చేతిలో పెట్టాడు. బట్టీ పని కాకది. ఇరవై రెండేళ్ళుగా ఆయనదే. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, విరిగిన చోటును కంటి దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

"గిది నేను పంపిన కొక్కెం గాదు సార్. రెండో వేడి వడలే దీనికి" అన్నాడు.

"మరి గీ చుక్క ఎవలది?" అన్నాడు సార్.

పిడి చివర చుక్క ఉంది. రెండో వేడి అయిన సరుకు మీదే కాక తన పంచ్‌తో కొట్టే చుక్క. అది లేనిదే ప్యాకింగ్ వాళ్ళు ముట్టుకోరు. పెద్దసారు పెట్టిన పద్ధతి.

కాక ఆ చుక్క మీద బొటనవేలితో రుద్దాడు. చెరిగిపోతుందేమో అన్నట్టు మళ్ళీ రుద్దాడు.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.


7 జులై

ట్రే కుడి వైపే ఉంది. నాకు బాగా గుర్తు.


8 జులై, బుధవారం

కాకను పని మాన్పించారు.

పొద్దున పదింటికి. షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి, కరెంటు పోయినట్టు. దేవేందర్ సార్ నేల వైపు చూస్తూ మాట్లాడాడు. "నువ్వు నాయిన కాలం మనిషివి. నేనేమంట నిన్ను? గానీ డాక్టరుకు నేనేం జవాబు జెప్పాలె? కొన్ని దినాలు ఇంటికాడ ఉండు కాకా. కొన్ని దినాలంటే... ఉండు ఇగ."

కాక కొట్లాడతాడనుకున్నాను. కొట్లాడితే బాగుండేది, నాకూ కాస్త కోపం వచ్చేది. ఆయన తల గోక్కున్నాడు.

"చుక్క నాదే సార్. నేను గసొంటి పని జెయ్యను, గది గూడ నిజమే. రెండూ నిజం ఎట్లయితయో నాకు సమజైతలేదు. యాభై ఆరు నిండినయ్ గద, దిమాగ్ ఖరాబైతున్నదేమో."

అందరి ముందూ అన్నాడు ఆ మాట. తన బుర్రనే తాను అనుమానించుకున్నాడు.

పోతూ పోతూ నా బల్ల దగ్గర ఆగి బట్టీ గది తాళంచెవి ఇచ్చాడు. "పంచ్ సొరుగుల ఉన్నది జయరాజ్. బట్టీ తలుపు కింది కొండి ఊకె వదులైతది, సూస్కో."

సరే కాకా అన్నాను. ఆ రెండు మాటలే అన్నాను.


9 జులై, గురువారం

ఎక్కడ ఏం జరిగిందో ఒకసారి వరసగా రాసుకుంటే మనసు కుదుటపడుతుంది. నాకు కొలతలంటే పట్టింపు. మనిషి మనసుకు మాత్రం ఎందుకుండకూడదు.

జూన్ 12, శుక్రవారం. ముందురోజు కాక పన్నెండు కొక్కేలను బట్టీలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. అది మొదటి వేడి. దాంతో ఉక్కు గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. తర్వాత సన్నని వేడి మీద రెండు గంటలు ఉంచాలి. అప్పుడే దెబ్బ తట్టుకుంటుంది. బట్టీకి ఎడమ వైపు ట్రే ఉంటే రెండో వేడి కావాల్సి ఉన్నట్టు, కుడి వైపు ఉంటే అయిపోయినట్టు. ఇది కాక పద్ధతి, షెడ్డులో పిల్లికి కూడా తెలుసు.

ఆ గురువారం రాత్రి కాక బిడ్డకు పురుటి నొప్పులు మొదలయ్యాయి. శుక్రవారం ఆయన రాలేదు. మూడు గంటలకల్లా పార్శిళ్ళు బస్సుకు ఎక్కాలి. దేవేందర్ సార్ "కొక్కేలు అయినయా, కొక్కేలు అయినయా" అని నా చుట్టూ తిరుగుతున్నాడు. ఇంట్లో నాలుగింటికి ప్రార్థన కూడిక. పాస్టరుగారు మా ఇంటికి రావడం అదే మొదలు, వాక్యం చదివేది నేను. నా భార్య సారమ్మ కొత్త కర్టెన్లు కట్టింది. మూడున్నరకు నేను ఇంట్లో ఉండాలి.

బట్టీ గదిలోకి వెళ్ళాను. ట్రే ఉంది. కుడి వైపు. ఒక కొక్కెం తీసి ఆకురాయితో గీశాను. గీత పడలేదు, ఆకురాయి జారిపోయింది. అంటే గట్టిదనం ఉంది. చుక్కలు మాత్రం లేవు. కాక హడావిడిలో కొట్టడం మరిచిపోయి ఉంటాడు. పంచ్ సొరుగులో ఉంది. నేను కొట్టాను.

పన్నెండు చుక్కలు. నిమిషం పట్టలేదు.

కాబట్టి రెండో వేడి కాక చేసే ఉంటాడు, నేను కొట్టింది చుక్క మాత్రమే. ఈ ఒక్క కొక్కెంలో ఉక్కే నాసిరకమై ఉండొచ్చు. ఉక్కును నేను తయారు చేయను కదా.

ప్రార్థన బాగా జరిగింది. పాస్టరుగారు నా గొంతును మెచ్చుకున్నారు.


12 జులై, ఆదివారం

గుడిలో బల్ల ఆరాధన. మనసులో తప్పు దాచుకుని తినకూడని రొట్టె నా దగ్గరికి వచ్చింది. పక్కవాళ్ళకు అందించేశాను.

సారమ్మ చూసింది. రైలు గేటు దగ్గర గూడ్సు బండి పోతుంటే, ఆ చప్పుడులో అడిగింది. "ఏమయ్యా, పానం మంచిగ లేదా?"

"గ్యాసు" అన్నాను.


14 జులై, మంగళవారం

డాక్టరు రమ్మంటే దేవేందర్ సార్ నన్ను స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. ఎందుకు వెళ్ళాను నేను? వెళ్ళకుండా ఉండాల్సింది.

డాక్టరు చిన్న వయసువాడు. తిట్టలేదు. కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. "రాడ్డు తల బయటికి ఒక వేలెడు ఉంది. దాన్ని బయటి నుంచి గట్టిగా కరిచి పట్టుకునే పట్టకారు కావాలి. తోక జారుడు సుత్తికి మరలు పట్టాలి. పళ్ళు జారొద్దు, విరగొద్దు. పది రోజుల్లో చేసిస్తారా? లేదంటే సిటీకి పంపిస్త. అక్కడైతే ఎముకను పొడుగునా చీల్చాలి. చీము పట్టిన ఎముక అది. తట్టుకోకపోతే కాలే తీసెయ్యాల్సొస్తది."

దేవేందర్ సార్ చేస్తామన్నాడు. నా వైపు తిరిగి "చేస్తం గద జయరాజన్నా" అన్నాడు. నేను తలూపాను.

తర్వాత డాక్టరు మమ్మల్ని వార్డులోకి తీసుకెళ్ళాడు. ఐలమ్మకు నలభై అయిదు ఉంటాయేమో. శామీర్‌పేట చెరువు చేపలు కరీంనగర్ రోడ్డు పక్కన పెట్టుకుని అమ్ముతుంది. రెండేళ్ళ కింద లారీ తగిలి తొడ విరిగింది. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి ఇంకో డాక్టరనుకుంది.

"సారూ, లోపట మీ పనిముట్టు ఇరిగిందటగద. నా బొక్క గంత గట్టిగున్నదా?" అని నవ్వింది. నవ్వాక దుప్పటి కొసను పిడికిట్లో పట్టుకుంది. "కాలు దీస్తరా సారూ? నేను నిలవడి అమ్మేదాన్ని. కూసుండి అమ్మితె చేపలు ఎవ్వలు గొనరు, మురిగినయ్ అనుకుంటరు."

దేవేందర్ సార్ "ఏం గాదమ్మా, ఏం గాదు" అంటూ బయటికి నడిచాడు.

వచ్చేటప్పుడు స్కూటర్ వెనక కూర్చుని డాక్టరిచ్చిన పది రోజులనూ వేళ్ళ మీద లెక్కబెట్టాను.


16 జులై, గురువారం

పట్టకారు పళ్ళు రెండు జతలు కోయించాను. కొలత వెంట్రుకంత కూడా తప్పలేదు. బట్టీ పని ఇప్పుడు నాది. కాక చేస్తుంటే పదకొండేళ్ళు చూశాను, చేయలేనా?

మొదటి జతను రెండో వేడి మీద ఎక్కువసేపు ఉంచాను, భయంతో. మెత్తబడ్డాయి. రాడ్డు ముక్కను కరిపించి లాగితే పళ్ళు వంగిపోయాయి.


17 జులై, శుక్రవారం

రెండో జత. కాల్చి నూనెలో ముంచి తీశాను. ఇంకా రెండో వేడికి పెట్టలేదు. బట్టీ పటకారులోంచి ఒకటి జారి బట్టీ ముందున్న బండ మీద పడింది.

విరిగింది. నడుమెత్తు నుంచి పడి, రెండు ముక్కలైంది.

ఆ బండ కాకది. ప్రతి ట్రేలోంచీ ఒకటి తీసి నడుమెత్తు నుంచి దాని మీద పడేసేవాడు. "కాక కొబ్బరికాయ గొడుతుండు" అని మేం నవ్వేవాళ్ళం. నేనే ఎక్కువ నవ్వేవాణ్ణి. ఆకురాయి ఉండగా బండ ఎందుకు కాకా అని అడిగితే, "ఆకురాయికి గట్టిదో కాదో తెలుస్తది, ఇరిగేదో కాదో తెల్వది" అన్నాడు. ఎన్నోసార్లు అన్నాడు. పరీక్ష చేసే మనిషిని నేను. నాకు తెలియనిది కాదు.

ముక్కను వంగి తీసుకున్నాను. విరిగిన చోట చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. బల్ల సొరుగు తెరిచి గాజుగుడ్డలోని పిడి తీశాను. రెండూ పక్కపక్కన పెట్టాను. తేడా లేదు. అదే మెరుపు.

రెండో వేడి పడలేదు. నాసిరకం ఉక్కు కాదు.

ట్రే ఎడమ వైపు ఉంది.

ఎడమ వైపే ఉంది. నేను చూశాను. చూసి, కాక తొందరలో అటు పెట్టి ఉంటాడులే అనుకున్నాను. అలా అనుకోవడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. గోడ గడియారంలో రెండూ నలభై. ఇంట్లో కొత్త కర్టెన్లు. ఎడమ వైపున్న ట్రేను నా చేత్తో ఎత్తి నా బల్ల మీదికి తెచ్చుకున్నాను. ఈ పది రోజులూ దాన్ని కుడి వైపుకు జరుపుతూ వచ్చాను, ఈ పుస్తకంలో.

కుడి వైపుంటే లోపం ఒక్క కొక్కేనిది. ఎడమ వైపుంటే పన్నెండింటిదీ.

ఒకటి విరిగింది. మిగిలినవి పదకొండు.

పదకొండు ఎక్కడున్నాయి? యాప్రాల్‌కు మూడు, తూప్రాన్‌కు రెండు, కామారెడ్డికి రెండు, సిద్దిపేటకు నాలుగు. చీటీలు నేనే రాశాను. ఇవాళ ఎవరి కాలు కోసి ఉంటారు? నిన్న? నేను గుడిలో రొట్టె పక్కకు జరిపి గ్యాసని అబద్ధమాడుతున్నప్పుడు ఎవరి తొడలో మా కొక్కెం పెట్టి సుత్తి వెనక్కి లాగి ఉంటారు?

చీటీల పుస్తకం తీసి నాలుగు ఊళ్ళ పేర్లూ వేరే కాగితం మీద రాసుకున్నాను.


18 జులై, శనివారం

కాక ఇంటికి వెళ్ళాను. శామీర్‌పేట రోడ్డులో ఆటో దిగి లోపలికి అర కిలోమీటరు.

కాక గద్దె మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు మూసుకుని వేళ్ళు మడుస్తున్నాడు. పక్కన ఒక సీసా. ఆయన భార్య దుర్గాబాయి నన్ను లోపలికి రమ్మని, గొంతు తగ్గించి చెప్పింది. "పొద్దంత గదే పని జయరాజ్. ఏ నాడు ఏ ట్రే పెట్టిండో యాది జేసుకుంటుండు. మతిమరుపుకు టానిక్ రాసిచ్చిండు మన ఆరెంపీ డాక్టరు. తాగుతుండు గని ఏం లాభం లేదు. నువ్వన్న జెప్పరాదు, ఇడిసిపెట్టుమని."

నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"కాకా. గా చుక్కలు నేను గొట్టిన."

వేళ్ళు ఆగాయి.

"ఏ దినం?"

"నీ బిడ్డ పురుటి దినం."

"ట్రే ఎటు దిక్కుండె?"

"ఎడమ దిక్కు."

దుర్గాబాయికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక చేతిలోని చేట కింద పడేసింది. "నీ నోట్ల మన్నువడ! పది దినాల సంది నా మొగడు పిచ్చోడైతున్నడు గదరా! నా చేతుల చాయ ఎన్నిసార్లు తాగినవ్రా నువ్వు? ప్రార్థన జేస్తవా నువ్వు? గా నోటితోనేనా?"

తిడుతూనే ఉంది. ప్రతి మాటా నాకు తగిన మాటే. కాక నా వైపు చూస్తున్నాడు. కోపంగా కాదు. నేనెవరో గుర్తు రానట్టు చూస్తున్నాడు. అది చూడలేకపోయాను. మోకాళ్ళ మీద పడి ఆయన పాదాలు పట్టుకున్నాను. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"లే. తక్కిన పదకొండు ఏడున్నయ్?"

చెప్పాను.

"ఎన్ని దినాలాయె పంపి?"

"ముప్పై ఆరు."

కాక లేచి, కొయ్యకున్న అంగీ తీసి, నడుస్తూనే గుండీలు పెట్టుకున్నాడు. టానిక్ సీసాను దుర్గాబాయి చేతికిచ్చాడు. "గిది పారెయ్యి" అన్నాడు. అంతే. ఆటోలో ఇద్దరం షెడ్డుకు వచ్చాం.

దేవేందర్ సార్ విని కుర్చీలో కూలబడ్డాడు. "నువ్వా జయరాజన్నా? నువ్వా?" అని నాలుగుసార్లు అన్నాడు. తర్వాత షెడ్డు గుర్తొచ్చింది. "పదకొండు ఇరగలేదు గద ఇంకా? ఫోన్లు ఏం రాలే. మనమే పోయి మా సరుకు ఖరాబని జెప్తే, ఇగ మన దిక్కు ఎవలన్న సూస్తరా? సప్పుడు జెయ్యకుంట కొత్తయి పంపి, పాతయి తెప్పిద్దాం. మెల్లగ."

"మెల్లగ అంటె ఎన్నొద్దులు?" అన్నాడు కాక. "నువ్వు వోకుంటె నేను వోత సార్. వాటి మీద ఉన్నది నా చుక్క."

దేవేందర్ సార్ లేచి ఫోనందుకున్నాడు.


19 జులై, ఆదివారం

గుడికి పోలేదు. కాకా నేనూ యాప్రాల్, అక్కణ్ణుంచి తూప్రాన్. అయిదు దొరికాయి. యాప్రాల్‌లో ఒకదాన్ని వాడారట, ఏమీ కాలేదట. "మంచిగనే ఉన్నది గద, ఎందుకు దీస్కపోతున్రు?" అన్నాడు అక్కడి మనిషి.

కామారెడ్డికి సార్ వెళ్ళాడు. సిద్దిపేట ఆసుపత్రిలో ఫోను ఎవరూ ఎత్తలేదు. శనివారం నుంచి ఎత్తలేదు.


20 జులై, సోమవారం

మొదటి బస్సుకే కాకా నేనూ సిద్దిపేట వెళ్ళాం. ఆసుపత్రి ముందు చెప్పులు విడవకుండానే లోపలికి నడిచాను. ఆపరేషన్ గది ముందు ఒక ముసలాయన బెంచీ మీద కూర్చున్నాడు. కొడుక్కి కాల్లో రాడ్డు తీస్తున్నారని చెప్పాడు. "ఇప్పుడే దీస్కపోయిన్రు" అన్నాడు.

తలుపు కొట్టాను. మళ్ళీ కొట్టాను. నర్సు గుడ్డ కట్టుకున్న మూతితోనే తలుపు సందులోంచి చూసింది.

"కొక్కెం" అన్నాను. "రాడ్డు దీసే కొక్కెం. మేడ్చల్ది. వాడొద్దు."

"ఎవలు నువ్వు? డ్రమ్ముల కెల్లి తీసి బల్ల మీద పెట్టినం. డాక్టర్‌సాబ్ కోస్తుండు. పక్కకు జరుగు."

"సిస్టర్, గది పరీక్ష జేసి పంపిన మనిషిని నేనే. పరీక్ష జెయ్యలేదు నేను. జెయ్యకుంటనే పంపిన. దెబ్బ వడితె ఇరుగుతది. శామీర్‌పేటల ఒకామె కాలుల ఇరిగింది."

ఆ మాటలు ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. బెంచీ మీది ముసలాయన లేచి నిలబడ్డాడు. కాంపౌండర్ వచ్చాడు. నడవాలో ఉన్న వాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. నర్సు నా ముఖంలోకి చూసింది, తర్వాత నా వెనక నిలబడ్డ కాక వైపు చూసింది. తలుపు మూసుకుంది.

ఎంతసేపైందో. మళ్ళీ తెరిచి స్టీలు పళ్ళెం బయటికి చాచింది. నాలుగు కొక్కేలు. ముట్టుకుంటే పనిముట్లు ఉడకబెట్టే డ్రమ్ము వేడి ఇంకా తగిలింది. ప్రతి పిడికీ చుక్క. వంకర లేకుండా, సరిగ్గా నడిమధ్యలో. చుక్కలు బాగా కొట్టానని ఆ రోజు మురిసిపోయాను కూడా. ఇప్పుడు గుర్తొచ్చింది.

ముసలాయన నా చొక్కా పట్టుకున్నాడు. "ఏందయ్యా గది? నా కొడుక్కు ఏమైంది?"

"ఏం గాలేదు పెద్దయ్యా. ఇంకా ఏం గాలేదు."

లోపల పాత కొక్కెం ఇంకొకటుందట, దాంతో తీశారు. ఆ సంగతి తెలిసేదాకా కాకా నేనూ బయట చెట్టు కింద నిలబడ్డాం. అప్పుడు కాక బీడీ వెలిగించుకున్నాడు. మామూలుగా నాకూ ఒకటి ఇవ్వబోతాడు, నేను వద్దంటాను, ఆయన నవ్వుతాడు. ఇవాళ ఇవ్వబోలేదు.


22 జులై

పదకొండూ వచ్చాయి. బండ దగ్గర వరసగా పెట్టాడు కాక. షెడ్డంతా వచ్చి నిలబడింది.

"నువ్వే వెయ్యి" అన్నాడు నాతో.

వేశాను. ఒకటి. రెండు. మూడు. పడ్డది పడ్డట్టు విరుగుతున్నాయి. ముక్కలు చిమ్మి నా కాళ్ళకు తగిలాయి. ఏడోదానికి నాకు ఏడుపొచ్చింది, అయినా వేశాను. పది విరిగాయి.

పదకొండోది విరగలేదు. మళ్ళీ వేశాను, విరగలేదు. నాలుగుసార్లు వేశాను. సిగ్గులేని ఆశ కలిగింది, ఒకటైనా మంచిదుందని. కాక వైపు చూశాను.

"గదీ గంతే" అన్నాడు. "అయిదోసారి ఎవ్వని తొడల ఇరుగుతదో ఎవ్వనికెరుక?"

తీసుకెళ్ళి బట్టీలో పడేశాడు.


23 జులై, గురువారం

పట్టకారు. కాక చేశాడు. నేను బట్టీ పటకారు అందించాను. రెండో వేడి రెండు గంటలూ ఆయన బట్టీ ముందు నుంచి కదల్లేదు, నేను ఆయన వెనక నుంచి కదల్లేదు. చల్లారాక బండ మీద మూడుసార్లు పడేశాడు. మోగింది గానీ విరగలేదు. అప్పుడు సొరుగులోంచి పంచ్ తీసి చుక్క కొట్టాడు.


25 జులై, శనివారం

రాడ్డు వచ్చేసింది. కొస ముక్కతో సహా.

డాక్టరు బయటికి వచ్చి పట్టకారును తానే నా చేతికిచ్చాడు. "జారలేదు. ఆరు దెబ్బలకు వచ్చింది. చీము కడిగినం. కాలు ఉంటది. కొంచెం ఈడుస్తది, ఉంటది" అన్నాడు.

సాయంత్రం ఐలమ్మకు తెలివొచ్చింది. చెప్పకుండా పోదామనుకున్నాను. కాలు దక్కింది కదా, ఇంకెందుకు అనిపించింది. నా లోపలి ఆ గొంతు నాకిప్పుడు బాగా తెలుసు. జూన్ 12న కూడా అదే గొంతు.

"అమ్మా, నీ బొక్క గట్టిది గాదు. నా కొక్కెమే ఖరాబుది. సూడకుంట పంపిన."

"నువ్వా?" అంది. తర్వాత ముఖం గోడ వైపు తిప్పుకుంది. నేను నిలబడే ఉన్నాను. పొమ్మనలేదు, ఉండమనలేదు.

"నా రాడ్డు నాకియ్యుమను" అంది చివరికి, గోడతో అన్నట్టు. ఇక్కడ అందరూ అడిగి తీసుకెళ్తారు, ఒంట్లోంచి తీసింది ఆసుపత్రిలో వదిలిపెట్టరు. నర్సు కడిగి తెచ్చింది. ఐలమ్మ దాన్ని కొంగులో చుట్టి తల కింద పెట్టుకుంది. విరిగిన కొస ముక్కను మాత్రం నర్సు నాకిచ్చింది. గోరంత ఉంది. జేబులో పెట్టుకున్నాను.


26 జులై, ఆదివారం

సారమ్మకు అంతా చెప్పాను. కర్టెన్ల సంగతి కూడా. ఆమె విని లేచి కర్టెన్లు విప్పి మడిచి పెట్టెలో పెట్టింది. తప్పు కర్టెన్లది కాదన్నాను. "నాకెరుకే" అంది.


14 ఆగస్టు

దేవేందర్ సార్ నన్ను తీసేయలేదు. కాక వద్దన్నాడట. ఎందుకన్నాడో అడిగే ముఖం నాకు లేదు. పరీక్ష బల్ల ఇప్పుడు వేరేవాళ్ళది. నేను బట్టీ దగ్గర కాకకు కింద పని చేస్తున్నాను. నూనె మారుస్తాను, ట్రేలు మోస్తాను. కాక మాట్లాడతాడు. "పటకారు దే", "తలుపెయ్యి", "జల్దీ" అంటాడు.

పంచ్ సొరుగులో ఉండడం లేదు. పని అయిపోగానే కాక దానికి దారం కట్టి మొలతాడుకు వేలాడదీసుకుని ఇంటికి పోతున్నాడు. రోజూ అయిదింటికి నా ఎదురుగానే కట్టుకుంటాడు.


4 సెప్టెంబరు, శుక్రవారం

మూడో నెల వచ్చిందని బిడ్డనూ మనవరాలినీ అత్తగారింట్లో దిగబెట్టడానికి కాక రెండు రోజుల సెలవు మీద వెళ్ళాడు. పోయే ముందు నిన్న సాయంత్రం ఎనిమిది కొక్కేలకు రెండో వేడి పూర్తి చేశాడు. నేను పక్కనే ఉన్నాను. రెండు గంటలూ గడియారం చూశాను. చల్లారడానికి పెట్టి, బస్సు అందదని పరుగెత్తాడు. చుక్కలు కొట్టలేదు.

ఇవాళ మధ్యాహ్నం దేవేందర్ సార్ కంగారుగా వచ్చాడు. మూడింటి బస్సుకు పార్శిలట. "కొక్కేలు అయినయా?"

"అయినయ్ సార్. చుక్కలు పడలేదు. పంచ్ కాక దగ్గరున్నది."

"రెండో వేడి అయిందంటివి గద?"

"అయింది. నా కండ్ల ముంగటనే అయింది. ట్రే కుడి దిక్కే ఉన్నది."

సార్ నా ముఖం చూశాడు. నన్ను దాటుకుని, బట్టీ గదిలోకి తానే వెళ్ళి చూసి వచ్చాడు.

"కాక రానియ్యి" అన్నాడు.